కెయిర్న్స్ రెయిన్‌ఫారెస్ట్‌లో గైడ్‌తో మౌంటెన్ బైక్ రైడ్: పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది

మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి మనవాళ్ళు ఆస్ట్రేలియా ఈశాన్యంలో ఉన్న కెయిర్న్స్ వెళ్ళారంటే ప్లాన్ దాదాపు అందరిదీ ఒకటే, ఒకరోజు గ్రేట్ బారియర్ రీఫ్, ఒకరోజు కురాండా అనే కొండ మీది ఊరికి ట్రైన్‌లో వెళ్ళి స్కైరైల్ అనే కేబుల్ కారులో దిగడం, ఇంకోరోజు పోర్ట్ డగ్లస్ మీదుగా డెయింట్రీ నదికి వెళ్ళి మొసళ్ళు చూడ్డం. అవన్నీ బాగుంటాయి, మేమూ చూశాం, వద్దని ఎందుకంటాను. కానీ ఆ ట్రిప్ మొత్తంలో నాకూ, మా ఆయనకీ, మా తమ్ముడికీ బాగా నచ్చింది మాత్రం స్మిత్‌ఫీల్డ్ అడవిలో చేసిన హాఫ్ డే మౌంటెన్ బైక్ రైడ్. వెళ్ళేముందు తెలుగులో ఎవరైనా రాశారేమో అని వెతికితే నాకేం దొరకలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

కంపెనీ పేరు మాత్రం రాయట్లేదండి. కొన్ని కంప్లైంట్లు ఉన్నాయి, అవి వాళ్ళకే మెయిల్ పెట్టాను, సరిచేస్తామన్నారు. అక్కడ ఇలాంటి రైడ్లు నడిపేవాళ్ళు ఒకరికంటే ఎక్కువమందే ఉన్నారు, ఎవరి దగ్గర బుక్ చేసినా ఏం అడగాలి ఏం చూసుకోవాలి అన్నది ఇది చదివితే తెలుస్తుంది.

ముందు చోటు గురించి. స్మిత్‌ఫీల్డ్ అంటే కెయిర్న్స్ సిటీకి ఉత్తరంగా కారులో పావుగంట, ఇరవై నిమిషాలు. జేమ్స్ కుక్ యూనివర్సిటీ క్యాంపస్ అక్కడే, స్కైరైల్ ఎక్కే స్టేషన్ కూడా అక్కడికి దగ్గరే. ఊరు అయిపోయిన చోటే కొండ మొదలవుతుంది, ఆ కొండ మీద అంతా రెయిన్‌ఫారెస్టే, అందులో కొన్ని పదుల కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌లు. పార్క్‌లోకి వెళ్ళడానికి టికెట్ లేదు, సొంత సైకిల్ ఉంటే ఎవరైనా వెళ్ళి తొక్కుకోవచ్చు. మరి ఫ్రీగా తొక్కగలిగే చోట గైడ్‌కి డబ్బులెందుకు అని మా ఆయన బుకింగ్ రోజు నుంచీ అంటూనే ఉన్నాడు, సైకిల్ ఒక్కటీ రెంట్‌కి తీసుకుని మనమే వెళ్దాం అని. రైడ్ అయ్యాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎందుకో కింద చెప్తాను, ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

పొద్దున్నే హోటల్ దగ్గరికి వ్యాన్ పంపిస్తామన్నారు, అరగంట లేటుగా వచ్చింది. ఫోన్ కూడా లేదు, మెసేజ్ కూడా లేదు. పొద్దున పూట లేటంటే మామూలు లేటు కాదండి, అక్కడ తొమ్మిది దాటితే ఉక్క మొదలవుతుంది, అరగంట ముందు అడవిలో ఉంటే ఆ తేడా ఒంటికే తెలుస్తుంది. ఇది మొదటి కంప్లైంట్.

ఇక గైడ్. అక్కడే పుట్టిపెరిగిన అమ్మాయి, పాతికేళ్ళ పైన ఉంటాయేమో, చిన్నప్పటి నుంచీ ఆ కొండ మీదే తొక్కుతోందట. వ్యాన్ దిగగానే హడావుడిగా అడవిలోకి తీసుకెళ్ళలేదు. కార్ పార్కింగ్ పక్కన గడ్డిలో మమ్మల్ని దాదాపు ముప్పావుగంట తొక్కించింది. ఆ ముప్పావుగంట లేకపోతే నేను ఆ అడవిలో సగం దూరం సైకిల్ పట్టుకుని నడిచేదాన్ని.

నాకు సైకిల్ అంటే రాజమండ్రిలో స్కూల్‌కి తొక్కిన లేడీబర్డ్. దాని మీద కూర్చునే తొక్కుతాం, బ్రేక్ అంటే చెయ్యంతా బిగించి నొక్కుతాం, రోడ్డు మీద గొయ్యి వస్తే పక్కకి తిప్పుతాం. మౌంటెన్ బైక్‌కి ఈ మూడూ పనికిరావు. కిందకి దిగేటప్పుడు అసలు సీటు మీద కూర్చోకూడదు, రెండు పెడల్స్ నేలకి సమానంగా పెట్టి వాటి మీద నిలబడాలి, మోకాళ్ళు, మోచేతులు కొద్దిగా వంచి ఉంచాలి, అప్పుడు కింద రాయి వచ్చినా వేరు వచ్చినా సైకిల్ దాని పాటికి అది ఎగురుతుంది, మనం మాత్రం పైన నిలకడగా ఉంటాం. హ్యాండిల్ దగ్గర ఒక చిన్న మీట ఉంటుంది, అది నొక్కి సీటు మీద బరువు వేస్తే సీటు కిందకి దిగిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మళ్ళీ నొక్కితే పైకి వస్తుంది. డ్రాపర్ అంటారు. బుక్ చేసేటప్పుడు ఇది ఉన్న సైకిలా కాదా అని తప్పకుండా అడగండి, కొత్తవాళ్ళకి సీటు అడ్డం లేకపోతే సగం భయం పోతుంది.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, చూపుడువేలు ఒక్కటి చాలు. కుడిచేతిది ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి, మన దగ్గర సైకిళ్ళకి ఉన్నట్టే, కాబట్టి చిన్నప్పటి అలవాటు ఇక్కడ అక్కరకొచ్చింది. కానీ ఆ ముందు బ్రేక్ గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిల్ మీంచి ముందుకి వెళ్ళిపోతాడు. అందుకని ఆ అమ్మాయి మా చేత గడ్డిలో స్పీడుగా వచ్చి ఒక్క వేలితో మెల్లమెల్లగా నొక్కి ఆపడం పదేపదే చేయించింది. మలుపులో బ్రేక్ వేయకూడదు, మలుపుకి ముందే వేసి వదిలేయాలి. చూపు ముందు చక్రం మీద ఉండకూడదు, ఎటు వెళ్ళాలో అటు ఉండాలి. ఇవన్నీ చెప్తే చిన్నవిషయాల్లా ఉంటాయి కానీ మా తమ్ముడు జిమ్‌కి వెళ్ళి బాగా కండలు పెంచినవాడు, వాడికి కూడా మొదటి మలుపులో ఒళ్ళంతా బిగుసుకుపోయింది.

ట్రాక్‌లకి గుర్తులుంటాయి, ఆకుపచ్చ గుండ్రం అంటే తేలిక, నీలం చదరం అంటే మధ్యరకం, నల్ల డైమండ్ అంటే కష్టం, రెండు నల్ల డైమండ్లు ఉంటే అది మనలాంటివాళ్ళకి కాదు. మమ్మల్ని తేలికవాటితో మొదలుపెట్టించి చివర్లో ఒకట్రెండు నీలం వాటి మీదకి తీసుకెళ్ళింది.

మాకు మారేడుమిల్లి దగ్గర, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం, అదీ పెద్ద అడవే, కానీ అక్కడ ఎండ కొమ్మల్లోంచి నేల మీదకి దిగుతుంది. ఇక్కడ లోపలికి వెళ్ళగానే మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రం వెలుతురే. పైన ఆకులన్నీ కలిసిపోయి కప్పులా ఉంటాయి, కింద నేల ఎప్పుడూ తడే. ఈ మొత్తం ప్రాంతాన్ని వెట్ ట్రాపిక్స్ అని 1988లో వరల్డ్ హెరిటేజ్ లిస్టులో చేర్చారు, దాదాపు తొమ్మిది లక్షల హెక్టార్లు. ప్రపంచంలో బతికున్న రెయిన్‌ఫారెస్ట్‌లలో చాలా పాతది. స్కైరైల్‌లో పైనుంచి చూస్తే పచ్చటి దుప్పటిలా అందంగా ఉంటుంది, ఫోటోలకి బాగుంటుంది, కానీ ఆ అడవి వాసన, ఆ చల్లదనం, పురుగుల రొద ఇవన్నీ కిందే ఉన్నాయి. నన్నడిగితే రెండిట్లో ఒక్కటే కుదురుతుంది అన్నవాళ్ళు కేబుల్ కారు వదిలేయండి.

ఇప్పుడు గైడ్ ఎందుకు కావాలో చెప్తాను.

కొంతదూరం వెళ్ళాక ఒకచోట పెద్ద చెట్టు పడిపోయి పైన కప్పులో ఖాళీ ఏర్పడింది, అక్కడ మాత్రం ట్రాక్ మీద ఎండ పడుతోంది. మా ఆయన ఫోటో తీసుకుందామని సైకిల్ ఆపి కాలు పక్కకి పెట్టబోయాడు. గైడ్ వెనక్కి చూసి "కాలు ట్రాక్ లోపలే పెట్టు" అని గట్టిగా అరిచింది. అంతవరకూ ఆ పిల్ల గొంతు పెంచడం మేం వినలేదు. చూస్తే ఆయన మోకాలికి జానెడు దూరంలో నడుమెత్తు మొక్క, ఆకులు వెడల్పుగా గుండె ఆకారంలో ఉన్నాయి, అంచులు రంపంలా ఉన్నాయి, ఆకుల మీద సన్నటి నూగు. చూడ్డానికి ఎంత మెత్తగా ఉందంటే చిన్నపిల్లలైతే ముట్టుకుని తీరతారు. అదే గింపీ గింపీ, స్టింగింగ్ ట్రీ. ఆ నూగులో ఒక్కోటీ సిలికాతో చేసిన బోలు సూది, తగిలితే చర్మంలో విరిగి ఉండిపోతుంది, లోపల విషం ఉంటుంది. నొప్పి రోజుల తరబడి, కొంతమందికి నెలల తరబడి తగ్గదు, చల్లనీళ్ళు తగిలినా మళ్ళీ తిరగబెడుతుంది. ఆ విషం ఏమిటో 2020లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీవాళ్ళు కనిపెట్టారు, సాలీళ్ళ విషం, కోన్ నత్తల విషం లాంటి పెప్టైడ్లట (చిన్న ప్రోటీన్ ముక్కలు). తగిలితే రుద్దకూడదు, వ్యాక్స్ స్ట్రిప్ అతికించి లాగాలి, ఆ సూదులు దాంతో పాటు వస్తాయి. గైడ్ బ్యాగులో ఆ స్ట్రిప్స్ ఉన్నాయి, తీసి చూపించింది.

అసలు సంగతి ఏమిటంటే ఈ మొక్క దట్టమైన నీడలో పెరగదు. ఎక్కడ చెట్టు పడిపోయి ఎండ తగులుతుందో, ఎక్కడ దారి కొట్టారో, సరిగ్గా అక్కడే మొలుస్తుంది. అంటే మనిషి ఆగి ఫోటో తీసుకోవాలనిపించే చోటే దాని చోటు కూడా. ఇది మ్యాప్‌లో ఉండదు, రెంట్‌కి సైకిల్ ఇచ్చే షాపువాడు చెప్తాడో లేదో తెలీదు. ఫ్రీగా వెళ్దాం అన్న మా ఆయన ఆ తర్వాత గైడ్ చక్రం వదలకుండా వెనకే తొక్కాడు.

ఇంకోటి వెయిట్ ఎ వైల్ అనే పేము తీగ, దాని నిండా వెనక్కి తిరిగిన కొక్కేల్లాంటి ముళ్ళు, చొక్కా పట్టుకుంటే ముందుకి లాగినకొద్దీ ఇంకా దిగుతాయి, రెండడుగులు వెనక్కి వేసి విడిపించుకోవాలి. మా తమ్ముడి స్లీవ్‌కి తగులుకుంది, చిరిగింది, చర్మం దాకా రాలేదు.

కాసొవరీ కనబడుతుందేమో అని నేను చాలా ఆశపడ్డాను, కనబడలేదు. ఈము కంటే బరువు తూగే పక్షి, నీలం మెడ, తల మీద గట్టి కిరీటం, కాలికి లోపలివైపు వేలుకి కత్తిలాంటి గోరు. ఎదురైతే పరిగెత్తకూడదట, సైకిల్‌ని మనకీ దానికీ మధ్య అడ్డం పెట్టి మొహం దానివైపే ఉంచి మెల్లగా వెనక్కి జరగాలట. ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, పొదిగేదీ, పిల్లల్ని నెలల తరబడి వెంటేసుకుని తిరిగి పెంచేదీ మగపక్షే. ఆ పిల్లలతో ఉన్నప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని చెప్పింది. యులిసిస్ సీతాకోకచిలుక మాత్రం రెండుసార్లు కనబడింది, ఆ నీలం ఫోనుకి దొరకదు, రెక్క విప్పినప్పుడు మెరుస్తుంది, మూస్తే గోధుమరంగు, అడవిలో కలిసిపోతుంది.

రైడ్ మొత్తంలో కష్టమైందీ, నాకు బాగా గుర్తుండిపోయిందీ వేళ్ళ దారి. నీలం ట్రాక్‌లో ఒక వంద మీటర్లు ఉంటుందేమో, కొంచెం వాలు, దారికి అడ్డంగా చెట్ల వేళ్ళు, కొన్ని నా మణికట్టంత లావు, రాత్రి చినుకు పడిందేమో అన్నీ తడిసి నిగనిగలాడుతున్నాయి. మధ్యలో నేల ఎర్ర బంకమన్ను. అక్కడ గైడ్ మమ్మల్ని ఆపి సైకిళ్ళు పక్కన పెట్టించి ముందు నడిపించింది. ఏ వేరు దారికి నేరుగా అడ్డంగా ఉంది, ఏది ఏటవాలుగా ఉంది చూపించింది. నేరుగా అడ్డంగా ఉన్నదాన్ని చక్రం దాటేస్తుంది, ఏటవాలు వేరు మీద ఎక్కితే మాత్రం తడికి చక్రం దాని వెంటే జారి పక్కకి పోతుంది. కాబట్టి ఏటవాలుగా ఉన్నదానికి కూడా మనం కాస్త తిరిగి ఎదురుగా వెళ్ళాలి. వేరు మీద ఉన్నంతసేపూ బ్రేక్ ముట్టుకోకూడదు, బ్రేక్ వేసుకునేదేదో ఒక చెట్టువేరుకీ ఇంకో చెట్టువేరుకీ మధ్య మట్టి మీద వేసుకోవాలి. బూటు కొనతో మట్టిలో గీత గీసింది, చక్రం ఇక్కణ్ణుంచి ఇలా ఇలా పోవాలి అని.

మా తమ్ముడు ముందు దిగాడు, కిందనుంచి "అక్కా, కిందకి చూడకు, నన్ను చూడు, బ్రేక్ వదిలెయ్" అని అరుస్తున్నాడు. వదలడమే కదా కష్టం. చేతివేళ్ళు వాటంతట అవే బిగుసుకుంటాయి. మొదటి వేరు దగ్గర వదిలాను, టకటకా దాటేసింది, రెండోది దాటింది, మూడోదానికి వెనక చక్రం కొద్దిగా జారి మళ్ళీ పట్టుకుంది, అప్పటికి నాకు అర్థమైంది సైకిల్ పడిపోవట్లేదు, నేనే ఊరికే భయపడుతున్నానని. కిందకి చేరాక గైడ్ మళ్ళీ పైకి తీసుకెళ్ళి ఇంకోసారి దింపింది, రెండోసారి ఎంత హాయిగా ఉందో. గడ్డిలో నేర్పిందంతా ఆ వంద మీటర్ల కోసమే అన్నట్టు ఒక్కోటీ పనికొచ్చింది. డబ్బులు ఇందుకిచ్చాను అనిపించింది నాకైతే.

మధ్యలో నీళ్ళకి ఆగినప్పుడు రేసుల కబుర్లు చెప్పింది. ఈ కొండ మామూలుది కాదు, 2017లో మౌంటెన్ బైక్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ ఇక్కడే జరిగాయి, మగవాళ్ళలో డౌన్‌హిల్ (కొండ మీంచి కిందకి దిగే రేసు) ఫ్రాన్స్ రైడర్ లోయిక్ బ్రూనీ, క్రాస్ కంట్రీ (ఎక్కుతూ దిగుతూ చుట్లు తిరిగే రేసు) స్విట్జర్లాండ్ రైడర్ నీనో షుర్టర్ గెలిచారు. ఆ రేసులో ఎక్కిన జేకబ్స్ ల్యాడర్ అనే ఎత్తు కింద నిలబడి పైకి చూశాం, మలుపులు మలుపులుగా పైకి పోతూనే ఉంటుంది, అక్కడ వాళ్ళు రేస్ స్పీడులో ఎక్కారంటే చేతులెత్తి మొక్కాలి. అంతకుముందు 1996లో కూడా కెయిర్న్స్‌లోనే వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ జరిగాయి. అప్పుడు క్రాస్ కంట్రీ గెలిచింది జెరోమ్ షియోటీ అనే ఫ్రెంచ్ రైడర్, 2000లో తనే బయటికొచ్చి ఆ రేసుకి ఈపీఓ అనే నిషేధించిన మందు వాడానని ఒప్పుకున్నాడు, మెడల్ రెండో స్థానంలో వచ్చిన స్విస్ రైడర్ థామస్ ఫ్రిష్‌క్నెక్ట్‌కి ఇచ్చేశాడు. టైటిల్ చేతిలో ఉండగా అలా ఒప్పుకోవడం నాకు చాలా పెద్ద విషయం అనిపించింది, మేం ముగ్గురం హోటల్‌కి వచ్చాక కూడా దాని గురించే మాట్లాడుకున్నాం.

అడవి గురించి చెప్పేటప్పుడు ఇది జాబుగాయ్ అనే ఆదివాసీ జనం నేల అని మొదట్లోనే చెప్పింది, ఏదో పాఠం అప్పజెప్పినట్టు కాకుండా. తను పెరిగిన చోటు కాబట్టి కావచ్చు.

మిగతా కంప్లైంట్లు. బుకింగ్ ఫారంలో వెజిటేరియన్, గుడ్డు కూడా వద్దు అని రాశాను. స్నాక్‌కి వచ్చింది మఫిన్లు, గుడ్డు లేకుండా ఏమైనా ఉందా అంటే లేదు. గైడ్ తన బ్యాగులోంచి అరటిపండ్లు తీసి ఇచ్చింది, పాపం అది ఆమె తప్పు కాదు, ఆఫీసులో ఫారం చూసుకోవాల్సినవాళ్ళది. మనవాళ్ళలో గుడ్డు తినని వాళ్ళు, శనివారాలు పాటించేవాళ్ళు వెళ్తే ఒక బాక్సులో ఏదైనా పెట్టుకెళ్ళండి, ఆ ఎత్తులు ఎక్కేటప్పుడు కడుపు ఖాళీగా ఉంటే కళ్ళు తిరుగుతాయి.

సైకిల్ సైజు ఇంకోటి. నా హైట్ ఐదడుగుల రెండంగుళాలు అని ముందే ఇచ్చాను, తెచ్చింది మీడియం ఫ్రేమ్. నిలబడితే పై కడ్డీ తగులుతోంది. గైడ్ వ్యాన్‌లో ఉన్న స్మాల్ తీసి ఇచ్చింది, కానీ దాని గేర్లు ఒక్కోసారి టకటకమని జారుతున్నాయి, దారిలో ఆపి సరిచేయాల్సి వచ్చింది. మన ఆడవాళ్ళ హైట్లకి స్మాల్ లేదా ఎక్స్‌ట్రా స్మాల్ కావాలి, ఫోన్ చేసి మరీ గట్టిగా చెప్పండి. గ్లోవ్స్ ఇచ్చారు కానీ ముందురోజు చెమట ఆరలేదు, వాసన. ఆ తేమలో ఆరడం కష్టమే, ఒప్పుకుంటాను, అయినా మనిషికి నూట నలభై డాలర్లు తీసుకున్నప్పుడు పొడి గ్లోవ్స్ ఆశించడం తప్పు కాదుగా. హెల్మెట్ మాత్రం శుభ్రంగా ఉంది, లోపల కొత్త ప్యాడ్లు. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ కండిషన్‌లో ఉన్నాయి, ప్రాణానికి సంబంధించిన చోట ఎక్కడా లోటు చేయలేదు.

ఎప్పుడు వెళ్ళాలంటే, మేం సెప్టెంబర్ చివర్లో విక్టోరియా స్కూల్ హాలిడేస్‌లో వెళ్ళాం, బాగుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా అక్కడ వానలు తక్కువ. డిసెంబర్ నుంచి మార్చి, ఏప్రిల్ దాకా వానాకాలం, తుఫాన్లు, 2023 డిసెంబర్‌లో జాస్పర్ తుఫాను వచ్చినప్పుడు కెయిర్న్స్ ఉత్తరం వైపు చాలా వీధులు మునిగాయి. క్రిస్మస్ సెలవులకి వెళ్ళేవాళ్ళు వాన పడితే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా కనుక్కుని కట్టండి. గట్టివాన పడ్డాక ఆ బంకమన్ను మీద తొక్కితే మీకూ ప్రమాదం, ట్రాక్ కూడా పాడవుతుంది, కాబట్టి వాళ్ళు క్యాన్సిల్ చేస్తే కోప్పడకండి.

నిండు చేతుల చొక్కా, మోకాళ్ళు దాటే ప్యాంటు, పాత స్పోర్ట్స్ షూస్, పొడుగు సాక్సులు వేసుకోండి, తడి రోజుల్లో జలగలుంటాయి. రెండు లీటర్ల నీళ్ళు మనిషికి. పంజాబీ డ్రెస్, చున్నీ వద్దే వద్దు, చైన్‌లో పడుతుంది. మంగళసూత్రం, గాజులు హోటల్ లాకర్‌లో పెట్టడం మంచిది, నేను గొలుసు చొక్కాలోకి వేసి పిన్ను పెట్టుకున్నా.

సైకిల్ తొక్కడం అసలు రానివాళ్ళు దీనికి వెళ్ళొద్దు, సైట్లో బిగినర్స్ అని రాశారు కానీ ఆ బిగినర్ అంటే సైకిల్ వచ్చి అడవికి కొత్త అని. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళకండి, వాళ్ళకి కురాండా ట్రైనే హాయి. పదిహేను పదహారేళ్ళ పిల్లలకి మాత్రం చాలా బాగుంటుంది, మా గ్రూపులో బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఒక పిల్లాడు ఉన్నాడు, అందరికంటే వాడే బాగా నేర్చుకున్నాడు.

నా రేటింగ్ గైడ్‌కి ఐదుకి ఐదు, ఆఫీసువాళ్ళకి మూడు. పోర్ట్ డగ్లస్ వైపు బంప్ ట్రాక్ అని ఇంకోటుంది, 1877లో బంగారు గనులకి బళ్ళు వెళ్ళడానికి వేసిన పాత కొండదారి, ఇప్పుడు నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు వాడుతున్నారు. కింద మౌబ్రే లోయ వైపు బాగా నిటారుగా ఉంటుందని గైడ్ చెప్పింది. మళ్ళీ వెళ్తే అది చెయ్యాలని మా తమ్ముడు ఇప్పుడే అంటున్నాడు. ఎవరైనా చేసుంటే అక్కడ డ్రాపర్ ఉన్న స్మాల్ సైజు సైకిల్ దొరుకుతుందో లేదో చెప్పండి.